డమ్మీ లోడ్ మీద 1.3, యాంటెన్నా మీద 1.1: కప్లర్ మాట ఎంతవరకు నమ్మాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీ దగ్గర హ్యామ్ రేడియో 40 మీటర్ల బ్యాండ్‌కి (7 మెగాహెర్ట్జ్ దగ్గర) 50 వాట్ల ట్రాన్స్‌సీవర్ ఉంది. రెండు ఎఫ్‌టీ82-43 కోర్ల మీద 32 చుట్ల చొప్పున చుట్టి, అల్యూమినియం డబ్బాలో టాండెమ్ కప్లర్, అంటే యాంటెన్నాకి పోయే అలనీ తిరిగొచ్చే అలనీ విడివిడిగా చూపే పరికరం, చేశారు. ఫార్వర్డ్ (పోయే అల), రిఫ్లెక్టెడ్ (తిరిగొచ్చే అల) పోర్టులకు డయోడ్ డిటెక్టర్లు తగిలించారు. డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు పెట్టే 50 ఓమ్‌ల రెసిస్టర్) పెడితే ఎస్‌డబ్ల్యూఆర్ 1.3 వస్తోంది; అల ఏమీ తిరిగి రాకపోతే ఈ అంకె 1.0, తిరిగొచ్చేకొద్దీ పెరుగుతుంది. మేడ మీద కట్టిన ఇన్వర్టెడ్ వీ యాంటెన్నాని (తిరగేసిన V ఆకారపు తీగని) 25 మీటర్ల ఆర్‌జీ-58 కేబుల్‌తో కలిపితే 1.1 వస్తోంది. "డమ్మీ లోడ్ కంటే నా యాంటెన్నాయే మెరుగా? రెండిట్లో ఏది నమ్మాలి? ఈ కప్లర్‌కే టైనీఎస్‌ఏ (చిన్న స్పెక్ట్రమ్ ఎనలైజర్) పెట్టి పవర్ కొలవొచ్చా?" అని అడిగారు.

సూటిగా చెప్తాను. డమ్మీ లోడ్ నిజంగా 50 ఓమ్‌లే అయితే, మీ కప్లర్ డైరెక్టివిటీ, అంటే ఆ రెండు అలల్ని విడదీసే నేర్పు, 18 డీబీ (డెసిబెల్) దగ్గరే ఉంది; ఇది ఎంత ఎక్కువైతే అంత మంచిది. అలాంటి కప్లర్ 1.1 చూపించినప్పుడు యాంటెన్నా వైపు అసలు ఎస్‌డబ్ల్యూఆర్ 1.18 నుంచి 1.43 దాకా ఎంతైనా అయి ఉండొచ్చు. కాబట్టి ఇప్పుడే మేడెక్కి తీగ కత్తిరించకండి. పని కప్లర్ దగ్గర ఉంది.

అన్నిటికంటే ముందు ఒక నిమిషం పని. ట్రాన్స్‌మిటర్ నుంచి విప్పేసి, డమ్మీ లోడ్‌ని మల్టీమీటర్‌తో చూడండి. 65 ఓమ్‌లో 38 ఓమ్‌లో చూపిస్తే 1.3 అన్నది నిజమే, కప్లర్ తప్పేమీ లేదు. కీ నొక్కి 50 వాట్లు ఒక నిమిషం పంపాక, వేడి మీద ఉండగానే ఇంకోసారి చూడండి. చల్లగా ఉన్నప్పుడు 50 చూపించి, వేడెక్కాక 56, 57కి పోయే లోడ్‌లు చాలానే చూశాను. లోపల వైర్‌వౌండ్ రెసిస్టర్లు ఉంటే మాత్రం మల్టీమీటర్ మాట పనికిరాదు. అవి డీసీకి 50 ఓమ్‌లే, 7 మెగాహెర్ట్జ్‌కి మాత్రం కాయిల్ లెక్క. మీ లోడ్ ఈ పరీక్షలన్నీ దాటిందనుకుని ముందుకెళ్తాను.

మన సంతల్లో తక్కెడ పట్టుకున్నవాళ్లు సరుకు వేసేముందు ఖాళీ పళ్లాలు ఎత్తి చూపించేవాళ్లు. పళ్లాలు సమంగా నిలవకపోతే తేలికైన వైపు చిన్న రాయో గుడ్డపీలికో కట్టేవాళ్లు. దాన్నే పాసంగం అంటాం. డైరెక్షనల్ కప్లర్ అచ్చంగా ఇలాంటి తక్కెడే. మీ డబ్బాలో ఒక ట్రాన్స్‌ఫార్మర్ లైన్‌లో పారే కరెంట్‌కి నమూనా తీస్తుంది. రెండోది లైన్ మీది వోల్టేజ్‌కి నమూనా తీస్తుంది. రెండిటినీ 32 వంతుల్లో ఒక వంతుకి తగ్గిస్తాం. ఒక పోర్టు దగ్గర ఈ రెండు నమూనాలూ కలుస్తాయి, అది ఫార్వర్డ్. రెండో పోర్టు దగ్గర ఒకదానిలోంచి ఒకటి తీసివేతకు వస్తుంది, అది రిఫ్లెక్టెడ్. లోడ్ సరిగ్గా 50 ఓమ్‌లైతే రెండు నమూనాలూ సమానం కాబట్టి తీసివేస్తే సున్నా రావాలి.

సున్నా రాకపోతే ఆ మిగిలిందే పాసంగం. ఫార్వర్డ్ పోర్టులో వచ్చే దానికంటే అది ఎన్ని డీబీల కింద ఉందో ఆ అంకెనే డైరెక్టివిటీ అంటాం. కప్లింగ్ 30 డీబీనా 20 డీబీనా అన్నది చుట్లు లెక్కపెడితే వచ్చేస్తుంది. మీది 32 చుట్లు కాబట్టి 30.1 డీబీ. కప్లర్ నాణ్యత మాత్రం ఆ సున్నా ఎంత లోతుగా పడుతుందన్న దాంట్లోనే ఉంది. కొనేవాళ్లు కూడా కప్లింగ్, ఫ్రీక్వెన్సీ, వాట్లు చూసి డైరెక్టివిటీ గడి చూడకుండా డబ్బు కట్టేస్తారు. యాంటెన్నా కొలతకు ముందు చూడాల్సింది ఆ గడే.

అంకెల్లో చూద్దాం. డైరెక్టివిటీ 20 డీబీ ఉన్న కప్లర్, నిక్కమైన 50 ఓమ్‌ల లోడ్ పెట్టినా 1.22 చూపిస్తుంది. 30 డీబీ ఉంటే 1.07. 40 డీబీ ఉంటే 1.02. ఇప్పుడు రిటర్న్ లాస్ (తిరిగొచ్చే అల పోయేదానికంటే ఎన్ని డీబీలు తక్కువో ఆ అంకె) సరిగ్గా 20 డీబీ ఉన్న యాంటెన్నా, అంటే అసలు 1.22 ఉన్నది తీసుకోండి. 20 డీబీ కప్లర్ దాన్ని 1.0 నుంచి 1.5 దాకా ఎలాగైనా చూపించగలదు. 30 డీబీ కప్లర్ 1.15కీ 1.30కీ మధ్య చూపిస్తుంది. 40 డీబీది 1.20కీ 1.25కీ మధ్య. ఎందుకిలా అంటే, కప్లర్‌లోంచి కారే ఆ కాస్త సిగ్నల్, యాంటెన్నా నుంచి తిరిగొచ్చిన అల, రెండూ ఒకే పోర్టులో కలుస్తాయి. ఫేజులు కలిస్తే ఎక్కువ చూపిస్తుంది, ఎదురైతే ఒకదాన్నొకటి చంపుకుంటాయి. మీ విషయంలో జరిగింది ఈ రెండోదే. 0.13 వంతు కారుతోంది, యాంటెన్నా నుంచి దాదాపు అంతే వెనక్కి వస్తోంది, ఎదురు ఫేజులో కలిసి 0.05 మిగిలింది, మీటర్ 1.1 అంది. డమ్మీ లోడ్ కంటే యాంటెన్నా బాగున్నట్టు కనిపించడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

సరే, 18 డీబీకే ఎందుకు ఆగింది? చుట్ల లెక్కలో తేడా అనుకోను. ఒక కోర్‌కి 32, ఇంకోదానికి 31 పడినా డైరెక్టివిటీ సుమారు 36 డీబీ దగ్గర ఆగుతుంది. రెండు చుట్ల తేడా ఉంటే 30 డీబీ. 18కి పడిపోవాలంటే ఏడెనిమిది చుట్లు తప్పాలి. అంత పొరపాటు మీరు చేసి ఉండరు. ఇండక్టెన్స్ చాలకపోవడమూ కాదు. ఆ కోర్ మీద 32 చుట్లంటే అర మిల్లీహెన్రీ దాకా వస్తుంది, 7 మెగాహెర్ట్జ్ దగ్గర అది 50 ఓమ్‌లకి వందల రెట్లు.

నా అనుమానం ఫార్వర్డ్ పోర్టు మీద. చాలామందికి తట్టని సంగతి ఇది. తప్పు రిఫ్లెక్టెడ్ పోర్టులో కనిపిస్తుంది, కారణం ఫార్వర్డ్ పోర్టులో ఉంటుంది. ఫార్వర్డ్ పోర్టు దగ్గర టెర్మినేషన్ (పోర్టు చివర పెట్టే రెసిస్టర్) సరిగ్గా 50 ఓమ్‌లు కాకపోతే, అక్కడికి వచ్చిన నమూనాలో కొంత వెనక్కి తిరుగుతుంది. అది కప్లర్ లోపల నుంచి నడిచి నేరుగా రిఫ్లెక్టెడ్ పోర్టులో తేలుతుంది. లెక్క కూడా సులువు: ఫార్వర్డ్ పోర్టు టెర్మినేషన్ రిటర్న్ లాస్ ఎంతో, మీ డైరెక్టివిటీ అంతకు మించి రాదు. అక్కడ 51 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే 40 డీబీ దాకా పోవచ్చు. 47 ఓమ్‌లు పెట్టారా, 30 దగ్గర గోడ కట్టినట్టే. 50 ఓమ్‌లే పెట్టి, దానికి సమాంతరంగా డిటెక్టర్ 220 ఓమ్‌ల భారం వేస్తే 50 కాస్తా 41 అయిపోతుంది, 20 డీబీ దాటదు. మీరు పంపిన ఫొటోలో ఫార్వర్డ్ డయోడ్ వెనక మీటర్‌కి సిరీస్‌లో ఉన్న ప్రీసెట్ (తిప్పి మార్చే రెసిస్టర్) బాగా తక్కువ ఓమ్‌లకి తిప్పి ఉంది. డయోడ్ ఎక్కువ కరెంట్ లాగుతోంది, ఆ భారం నేరుగా మీ 50 ఓమ్‌ల మీద పడుతోంది.

ఫార్వర్డ్ పోర్టు దగ్గర రెండు 100 ఓమ్‌ల మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లు ఒకదానికొకటి సమాంతరంగా, కాళ్లు వీలైనంత పొట్టిగా కత్తిరించి టంకం వేయండి. డయోడ్ వెనక భారం 100 కిలో ఓమ్‌లకు తగ్గకుండా పెట్టి, మీటర్‌ని ఒక ఆప్ ఆంప్ (యాంప్లిఫయర్ చిప్) ద్వారా నడపండి. రిఫ్లెక్టెడ్ పోర్టుకీ అంతే చేయండి. ఇది చౌకైన దారి.

మెరుగైన దారి ఇంకోటి ఉంది. రెండు పోర్టుల్లోనూ π (పై) ఆకారపు అట్టెన్యుయేటర్, అంటే సిగ్నల్‌ని తగ్గించే మూడు రెసిస్టర్ల అమరిక, పెట్టండి: గ్రౌండ్‌కి 100 ఓమ్‌లు, మధ్యలో 68, మళ్లీ గ్రౌండ్‌కి 100. పోర్టుకి 50.3 ఓమ్‌లు కనిపిస్తాయి, 9.7 డీబీ తగ్గుతుంది. దీని తర్వాత ఏం పెట్టినా, ఆఖరికి ఏమీ పెట్టకుండా వదిలేసినా, పోర్టు రిటర్న్ లాస్ 19 డీబీకి తగ్గదు. ఓ మాదిరిగా మ్యాచ్ అయిన డిటెక్టర్ పెడితే 35 దాటిపోతుంది. 30 డీబీ కప్లర్ నుంచి వచ్చేది 50 మిల్లీవాట్లే కాబట్టి పావు వాట్ రెసిస్టర్లు చాలు.

అట్టెన్యుయేటర్ పెడితే డయోడ్‌కి అందే వోల్టేజ్ మూడో వంతుకి పడిపోతుంది. ఇక్కడే రెండో సమస్య ఉంది, మీ 1.1లో దీని వాటా కూడా ఉందని నా నమ్మకం. లెక్క చూడండి. 50 వాట్లు పంపితే ఫార్వర్డ్ పోర్టులో పీక్ 2.2 వోల్టులు వస్తుంది. ఏ డయోడ్ అయినా పట్టేస్తుంది. ఎస్‌డబ్ల్యూఆర్ 1.1 అయితే రిఫ్లెక్టెడ్ పోర్టులో పీక్ 0.1 వోల్ట్ మాత్రమే. 1ఎన్4148 లాంటి సిలికాన్ డయోడ్ దాన్ని అసలు గుర్తించదు. 1ఎన్5711 లాంటి షాట్కీ డయోడ్ కూడా ఉన్నదానికంటే బాగా తక్కువ చూపిస్తుంది. 5 వాట్లతో క్యూఆర్‌పీ (తక్కువ పవర్ రేడియో) నడిపేవాళ్ల పరిస్థితి ఇంకా కష్టం. ఎస్‌డబ్ల్యూఆర్ 1.5 ఉన్నా రిఫ్లెక్టెడ్ పోర్టులో వచ్చేది 0.14 వోల్టులే, మీటర్ ముల్లు కదలదు, "1.0 వచ్చింది" అని సంతోషిస్తారు. పవర్ తగ్గించినకొద్దీ ఎస్‌డబ్ల్యూఆర్ బాగుపడుతున్నట్టు కనిపిస్తే, అది డయోడ్ పని. మీరూ 50 వాట్లతో ఒకసారి, 10 వాట్లతో ఒకసారి చూడండి. అంకె మారితే మీ 1.3 కూడా అసలు కంటే తక్కువే చూపిస్తోందని అర్థం, డైరెక్టివిటీ 18 కంటే తక్కువన్నమాట.

అందుకే డయోడ్లు వదిలేసి రెండు ఏడీ8307 లాగ్ డిటెక్టర్లు (సిగ్నల్ ఎన్ని డీబీలో దానికి తగ్గ వోల్టేజ్ ఇచ్చే చిప్‌లు) పెట్టుకోమంటాను. 500 మెగాహెర్ట్జ్ దాకా పనిచేస్తుంది. డీబీకి 25 మిల్లీవోల్టులు ఇస్తుంది. ఇన్‌పుట్ ఇంపెడెన్స్ 1.1 కిలో ఓమ్‌లు కాబట్టి అడ్డంగా 52.3 ఓమ్‌లు పెడితే 50 కుదురుతుంది. మీ 50 వాట్లు కప్లర్, అట్టెన్యుయేటర్ దాటి ప్లస్ 7 డీబీఎమ్‌గా (1 మిల్లీవాట్‌తో పోల్చి డీబీల్లో చెప్పే పవర్) చేరతాయి. దాని గరిష్ఠం ప్లస్ 17, కాబట్టి భయం లేదు. రిఫ్లెక్టెడ్ వైపు మైనస్ 25కి పడినా అది హాయిగా చదువుతుంది. రెండు డిటెక్టర్ల అవుట్‌పుట్‌ల తేడా 350 మిల్లీవోల్టులుంటే రిటర్న్ లాస్ 14 డీబీ, అంటే ఎస్‌డబ్ల్యూఆర్ 1.5. ఒక ఆర్డ్యూనోతో ఈ లెక్కంతా తెరమీద చూసుకోవచ్చు.

డబ్బా తెరిచినప్పుడు ఇంకోటి చూడండి. కోర్లలోంచి వెళ్లే కోయాక్స్ ముక్క షీల్డ్‌ని ఒక చివరే గ్రౌండ్ చేయాలి. రెండు చివర్లా చేస్తే ఆ షీల్డ్, డబ్బా కలిసి కోర్ చుట్టూ ఒక షార్ట్ అయిన చుట్టులా తయారవుతుంది, ఫార్వర్డ్ రీడింగే పడిపోతుంది. నా దగ్గరికి తెచ్చిన కప్లర్లలో ఎక్కువ వాటికి ఉన్న జబ్బు ఇదే. నీట్‌గా ఉండాలని రెండు వైపులా టంకం వేసేస్తారు. మీకు ఫార్వర్డ్ సరిగ్గానే వస్తోంది కాబట్టి ఇది లేదనుకుంటున్నాను. రెండు కోర్ల మధ్య రేకు అడ్డు లేకపోతే ఒకటి పెట్టండి.

ఈ రెండు ట్రాన్స్‌ఫార్మర్ల పద్ధతిని హ్యామ్‌లకు బాగా పరిచయం చేసింది జాన్ గ్రెబెన్‌కెంపర్, 1987 జనవరి క్యూఎస్‌టీ పత్రికలో. దీనికి ముందు ఎక్కువగా వాడింది 1959లో వారెన్ బ్రూన్ వివరించిన పద్ధతి. అందులో ఒకే ట్రాన్స్‌ఫార్మర్, వోల్టేజ్ నమూనాకు కెపాసిటర్లు, సున్నా కుదర్చడానికి ఒక ట్రిమ్మర్ ఉంటాయి. ఫ్యాక్టరీ మీటర్లలో ఇప్పటికీ కనిపిస్తుంది. మీరు ఎంచుకున్నదానిలో తిప్పడానికి ట్రిమ్మర్ లేదు, చుట్లూ రెసిస్టర్లూ సరిగ్గా ఉంటే సున్నా దానంతటదే కుదురుతుంది. మంచి ఎంపిక.

మార్పులు చేశాక పాసంగం చూడాలి. నానోవీఎన్‌ఏ (చిన్న సిగ్నల్ పంపి, ఎంత దాటిందో, ఎంత తిరిగొచ్చిందో చూపే చేతి పరికరం) ఉంటే పావుగంట పని. సీహెచ్0ని కప్లర్ ఇన్‌పుట్‌కి, సీహెచ్1ని ఫార్వర్డ్ పోర్టుకి పెట్టండి. డిటెక్టర్లు విప్పేసి, వాడని పోర్టుకి కచ్చితమైన 50 ఓమ్‌లు పెట్టండి. అవుట్‌పుట్‌కి నానోవీఎన్‌ఏతో వచ్చిన కాలిబ్రేషన్ లోడ్ పెట్టండి. 7 మెగాహెర్ట్జ్‌కి అది చాలా నిక్కమైన లోడ్. ఎస్21 (సీహెచ్0 నుంచి సీహెచ్1కి చేరిన సిగ్నల్, డీబీల్లో) మైనస్ 30 దగ్గర రావాలి. ఆ అంకె డబ్బా మీద రాసి పెట్టుకోండి, అదే మీ కప్లింగ్. ఇప్పుడు సీహెచ్1ని రిఫ్లెక్టెడ్ పోర్టుకి మార్చి, ఫార్వర్డ్ పోర్టుకి 50 ఓమ్‌లు పెట్టండి. అవుట్‌పుట్ తెరిచి ఉంచితే మైనస్ 30, షార్ట్ చేస్తే మైనస్ 30 రావాలి, ఎందుకంటే రెండు సందర్భాల్లోనూ వెళ్లిందంతా వెనక్కి వస్తుంది. తర్వాత లోడ్ పెట్టండి. మైనస్ 60కి పడితే డైరెక్టివిటీ 30 డీబీ, మైనస్ 65కి పడితే 35. మైనస్ 70 దగ్గర నానోవీఎన్‌ఏ సొంత నాయిస్ మొదలవుతుంది, కాబట్టి అక్కడ అంకెలు గంతులేస్తుంటే అది కప్లర్ తప్పు కాదు. ముందుగా ఐసొలేషన్ కాలిబ్రేషన్ (పరికరం సొంత లీకేజీని తీసేసే సర్దుబాటు) కూడా చేసుకోండి.

ఈ పరీక్షలు నడుస్తున్నంతసేపు ట్రాన్స్‌సీవర్ మైక్ విప్పి పక్కన పెట్టండి. మా గ్రూపులో ఒకరు కప్లర్‌కి నానోవీఎన్‌ఏ తగిలించి ఉండగా వేరొకరు పీటీటీ (మైక్ మీద మాట్లాడే బటన్) నొక్కారు. ఒక్క క్షణం. పరికరం మళ్లీ లేవలేదు.

నానోవీఎన్‌ఏ లేకపోయినా కప్లర్‌ని పరీక్షించే ఉపాయం ఒకటి ఉంది, ఉన్నా సరే చేసి చూడమంటాను. తక్కెడ మీద అనుమానం వస్తే సరుకునీ తూకపు రాళ్లనీ పళ్లాలు మార్చి తూస్తాం కదా. ఇక్కడ పళ్లాలు మార్చే పని పావు తరంగం కేబుల్ చేస్తుంది. 7.1 మెగాహెర్ట్జ్‌కి ఆర్‌జీ-58లో పావు తరంగం దాదాపు 7 మీటర్లు. ఆ ముక్కని కప్లర్‌కీ యాంటెన్నా కేబుల్‌కీ మధ్య పెట్టండి. యాంటెన్నా నుంచి తిరిగొచ్చే అల ఫేజు పూర్తిగా తిరగబడుతుంది. కప్లర్‌లో కారే సిగ్నల్ మాత్రం అలాగే ఉంటుంది. కప్లర్ మంచిదైతే రీడింగ్ దాదాపు మారదు, 7 మీటర్ల కేబుల్ నష్టం పావు డీబీయే కదా. ఇప్పుడున్న మీ కప్లర్‌తో చేస్తే 1.1 కాస్తా 1.7కి ఎగబాకినా నేను ఆశ్చర్యపోను. యాంటెన్నా అసలు 1.3 ఉంటే లెక్క ప్రకారం సరిగ్గా అలాగే రావాలి.

ఒక్క జాగ్రత్త. కేబుల్ షీల్డ్ బయటి వైపు కామన్ మోడ్ కరెంట్ పారుతున్నా, కేబుల్ పొడవు మారిస్తే ఎస్‌డబ్ల్యూఆర్ మారుతుంది. మీ ఇన్వర్టెడ్ వీకి ఫీడ్ పాయింట్ దగ్గర చోక్ బాలన్ (ఆ కరెంట్‌ని ఆపేది) లేదన్నారు. అది పెట్టాకే ఈ పరీక్ష అర్థవంతం. కేబుల్‌ని చేత్తో పట్టుకుంటే రీడింగ్ కదులుతోందా అని చూడండి, కదిలితే కామన్ మోడ్ ఉన్నట్టే.

ఇక టైనీఎస్‌ఏతో పవర్ కొలవడం. కొలవొచ్చు, కానీ నేరుగా తగిలించకండి. 50 వాట్లంటే 47 డీబీఎమ్. మీ కప్లర్ దాటాక ప్లస్ 17. అది టైనీఎస్‌ఏ ఇన్‌పుట్‌కి చాలా ఎక్కువ. మధ్యలో 30 డీబీ అట్టెన్యుయేటర్ పెడితే మైనస్ 13కి దిగుతుంది. తెరమీద వచ్చిన దానికి 60.1 కలిపితే మీ పవర్. లెక్క బాగానే ఉంది, అయితే టైనీఎస్‌ఏ లెవెల్ కచ్చితత్వం ప్లస్ ఆర్ మైనస్ 2 డీబీ. 50 వాట్ల మీద 2 డీబీ అంటే 31 నుంచి 79 వాట్ల దాకా. పవర్ మీటర్‌గా దాన్ని నమ్మి "నా సెట్ 38 వాట్లే ఇస్తోంది" అని ఫైనల్స్ (చివరి పవర్ ట్రాన్సిస్టర్లు) మార్చిన మనిషి నాకు తెలుసు. ఫైనల్స్‌కి ఏమీ కాలేదు. హార్మోనిక్స్ చూడటానికి, నిన్నటికీ ఇవాళ్టికీ పోల్చడానికి మాత్రం అది చక్కటి పరికరం.

పవర్‌కి నేను వాడే పద్ధతి ఆసిలోస్కోప్. ట్రాన్స్‌మిటర్ లైన్ మీద ప్రోబ్ పెట్టొద్దు. 50 వాట్ల దగ్గర అక్కడ పీక్ టు పీక్ 141 వోల్టులుంటుంది, 7 మెగాహెర్ట్జ్‌లో మామూలు ప్రోబ్‌కి అది భారం. స్కోప్‌ని ఫార్వర్డ్ పోర్టుకి, 50 ఓమ్‌ల ఫీడ్‌త్రూ టెర్మినేటర్‌తో తగిలించండి. 50 వాట్లకు అక్కడ 4.4 వోల్టులు పీక్ టు పీక్ వస్తుంది. స్కోప్ 3 శాతం తేడా చూపినా పవర్‌లో 6 శాతమే తప్పు. కప్లింగ్ అంకెలో 0.1 డీబీ తప్పుంటే ఇంకో 2.3 శాతం. ఇంట్లో ఇంతకంటే ఏం కావాలి? కొలిచేటప్పుడు ఎస్‌ఎస్‌బీలో మాట్లాడుతూ కాకుండా సీడబ్ల్యూ (మోర్స్) కీ నొక్కి, నిలకడగా ఉన్న క్యారియర్ మీద చూడండి. యాంటెన్నాకు చేరే పవర్ కావాలంటే ఫార్వర్డ్‌లోంచి రిఫ్లెక్టెడ్ తీసేయాలి.

బర్డ్ 43 మీటర్ దొరికితే సరిపోదా అని చివర్లో అడిగారు. మంచి మీటరే. అయితే దాని హామీ ఫుల్ స్కేల్ మీద 5 శాతం. 100 వాట్ల ఎలిమెంట్ (రేంజ్ నిర్ణయించే ప్లగ్) పెడితే స్కేల్‌లో ఎక్కడైనా 5 వాట్ల తేడా ఉండొచ్చు. మీ 50 వాట్లకి ఎస్‌డబ్ల్యూఆర్ 1.5 ఉంటే తిరిగొచ్చేది 2 వాట్లు. 5 వాట్ల అనుమానం ఉన్న స్కేల్ మీద 2 వాట్లు చదివి ఎస్‌డబ్ల్యూఆర్ లెక్క కడితే ఏం వస్తుంది? రిఫ్లెక్టెడ్‌కి వేరే చిన్న ఎలిమెంట్ వాడాలి. అలాగే పాత సామాను అమ్మేచోట హెచ్‌పీ 778డీ కప్లర్ కనిపిస్తే 40 మీటర్ల కోసమని కొనకండి. 100 మెగాహెర్ట్జ్ నుంచి 2 గిగాహెర్ట్జ్ దాకా దానికి సాటి తక్కువ, 1 గిగాహెర్ట్జ్ వరకు 36 డీబీ డైరెక్టివిటీ. కానీ దానిలో ఉన్నది పక్కపక్కన నడిచే లైన్లు. ఫ్రీక్వెన్సీ దిగినకొద్దీ కప్లింగ్ పడిపోతుంది, 7 మెగాహెర్ట్జ్ దగ్గర దానికి అందేది చాలా తక్కువ.

కేబుల్ గురించి చెప్పకుండా ముగించలేను, ఎందుకంటే మంచి కప్లర్ ఉన్నవాళ్లని కూడా ఇది బోల్తా కొట్టిస్తుంది. చాలా ఏళ్ల కిందట కోస్తాలో ఒక వీహెచ్ఎఫ్ బేస్ స్టేషన్ చూడమని పిలిచారు. రేంజ్ సగానికి పడిపోయింది. లాగ్‌బుక్‌లో మాత్రం నెలనెలా ఎస్‌డబ్ల్యూఆర్ 1.7 అని రాసి ఉంది, "కాస్త ఎక్కువే, ఫర్వాలేదు" అని వదిలేశారు. నా కప్లర్ పెట్టినా 1.7 వచ్చింది. టవర్ ఎక్కినతను యాంటెన్నా దగ్గర పీఎల్-259 కనెక్టర్ విప్పి తలకిందులు చేస్తే చెంచాడు పచ్చటి నీళ్లు కారాయి. లోపలి పిన్ను తుప్పు పట్టి, టంకం ఊడి, దేనికీ తగలకుండా ఉంది. అంటే యాంటెన్నాయే లేదు. 30 మీటర్ల ఆర్‌జీ-58, 150 మెగాహెర్ట్జ్ దగ్గర 6 డీబీ తినేస్తుంది. పైకి పోయేటప్పుడు 6, పూర్తిగా తిరగబడి కిందికొచ్చేటప్పుడు 6. మొత్తం 12 డీబీ రిటర్న్ లాస్, ఎస్‌డబ్ల్యూఆర్ 1.67. కప్లర్ నిజమే చెప్పింది, కానీ అది చెప్పింది కేబుల్ గురించి. అక్కడున్న మనుషులు ఆ అంకెను నమ్ముకుని తుఫాను రోజుల్లో కూడా అదే సెట్ మీద ఆధారపడ్డారని విన్నప్పుడు నాకు చాలా బాధ వేసింది.

మీ 40 మీటర్ల మీద ఇంత ఘోరం ఉండదు. 25 మీటర్ల ఆర్‌జీ-58, 7 మెగాహెర్ట్జ్‌లో 1 డీబీ తింటుంది. రానుపోను 2 డీబీ. యాంటెన్నా దగ్గర 1.5 ఉంటే కింద 1.38 కనిపిస్తుంది. కింద కొలిచిన రిటర్న్ లాస్‌లోంచి కేబుల్ నష్టానికి రెండింతలు తీసేస్తే పైన ఉన్న అసలు అంకె వస్తుంది. ఈ తీసివేత అలవాటు చేసుకోండి.

నానోవీఎన్‌ఏతోనే యాంటెన్నా చూసేస్తే కప్లర్ ఎందుకన్న మీ మిత్రుడి ప్రశ్నకు: చూడొచ్చు, తీగ పొడవు సరిచేయడానికి అదే తేలిక. కానీ అది పంపేది మిల్లీవాట్ కంటే తక్కువ. బలమైన మీడియం వేవ్ స్టేషన్ దగ్గర్లో ఉంటే, మీ విజయవాడలో 837 కిలోహెర్ట్జ్ లాగా, యాంటెన్నా నుంచి దిగొచ్చే ఆ సిగ్నల్‌కి నానోవీఎన్‌ఏ రీడింగులు వణుకుతాయి. పైగా 50 వాట్లు పారినప్పుడు వేడెక్కే బాలన్, స్పార్క్ కొట్టే ట్రాప్, కాలే కనెక్టర్ మిల్లీవాట్‌తో బయటపడవు. పూర్తి పవర్ మీద నిమిషంపాటు కప్లర్ రీడింగ్ చూస్తుంటే 1.2 నుంచి మెల్లగా 1.5కి జరగడం కనిపిస్తుంది, అప్పుడు ఏదో వేడెక్కుతోందని తెలుస్తుంది.

మీరు చేయాల్సిన వరుస: డమ్మీ లోడ్ ఓమ్‌లు, తర్వాత ఫార్వర్డ్ పోర్టు టెర్మినేషన్, తర్వాత ఓపెన్, షార్ట్, లోడ్ పరీక్ష, ఆఖర్న 7 మీటర్ల కేబుల్. ఓపెన్, షార్ట్, లోడ్ మూడింటికీ వచ్చిన ఎస్21 అంకెలు, డబ్బా లోపలి ఫొటో ఇంకోటి దగ్గరగా తీసి ఇక్కడ పెట్టండి. లోడ్ అంకె మైనస్ 60కి దిగకపోతే రెండో కోర్ చుట్టిన దిశ, గ్రౌండ్ తీగ పొడవు చూసి చెప్తాను.

శుభాకాంక్షలు, 73